నాగూర్బి అడగని మాట

కొంటాలో పరుపుల నాగూర్బిని ఎరగనోళ్ళు లేరు. దూదేకులోళ్ళ మనిషి. ఎవరింట్ల పెండ్లయినా పరుపు ఆమె చేతిదే కావాలె. బేరమాడినోళ్ళను నోటికొచ్చినట్టు తిట్టి, పోయేటప్పుడు ఒక దిండు ఉట్టిగ చేతిలో పెట్టి పంపే రకం. పొద్దంతా బూరుగు దూదిలో కూసుంటది గదా, ముక్కులో నలక పోయి తుమ్ములే తుమ్ములు. తుమ్మినప్పుడల్లా "అల్‌హందులిల్లా" అని అల్లాను తల్చుకుంటది, ఆ వెంటనే "బాబా" అంటది. ఆ రెండు మాటలకు పడదని అరవై ఏండ్లు వచ్చేదాక ఆమెకు ఎవరూ చెప్పలే.

బాబా అంటే శబరి ఒడ్డుకు పోయే దోవలో ఉన్న సమాధి. రేకుల కప్పు, సున్నం కొట్టిన గోడలు, మీద ఆకుపచ్చ చాదర్. ఎవరాయన అంటే ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తరు. ఉత్తరం నుంచి ఉప్పు బండ్లతో వచ్చిండని, కలరా వచ్చినోళ్ళ దగ్గర కూసొని వాళ్ళతోనే పోయిండని నాగూర్బి మొగుడు ఇమాంసాబు చెప్పేటోడు. ఆయనే రోజూ ఊడ్చి ఊదు వేసేటోడు. ఆయన పోయినంక ఆ చీపురు ఈమె చేతికొచ్చింది.

అక్కడికి వచ్చేటోళ్ళల్ల సాయిబులు తక్కువ. భేజ్జి దిక్కు అడివి ఊర్లనుంచి వచ్చే దొర్ల జాతోళ్ళే ఎక్కువ. బాబా దూరదేశపోడు, మన మాట ఆయనకు రాదు అని వాళ్ళ నమ్మకం. అందుకని గడప బైటనే కూసొని కష్టం నాగూర్బికి చెప్తరు. ఆమె లోపలికి పోయి, కాళ్ళ దిక్కు వంగి, గొంతు తగ్గించి బాబాకు చెప్తది. పక్కోళ్ళకు వినబడొద్దు, అది అక్కడి పద్ధతి. బైటికొచ్చి నెమలీకల కట్ట తల మీద ఆనిస్తే పనైనట్టే. లోపల ఏమన్నవని ఎవరూ అడగరు. అడగరు గనకనే ఇంత కతయింది.

నాగూర్బి తమ్ముడు మస్తాన్ జగదల్‌పూర్‌ల ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నడు. అక్కడ మసీదులో చదువుకున్నోళ్ళ మాటలు విని, గడ్డం పెంచి, పోయినేడు దుకాణం కొంటాకు మార్చిండు. మంచోడే. అక్క దూది మిషను ఆగిపోతే తిండి మానేసి బాగుచేస్తడు. కాని బాబా ఊసెత్తితే ఊరుకోడు.

"సచ్చిపోయినాయన్ని అడిగేదేందక్కా? ఆయనకే మన దువా కావాలె, ఆయన కోసం మనమే అల్లాను వేడుకోవాలె."

"నీ పేరు ఎట్లొచ్చిందిరా? అమ్మ మస్తాన్ వలీ దర్గాల మొక్కుకుంటే పుట్టినవ్. లేకుంటే నువ్వెక్కడ, నీ గడ్డమెక్కడ?"

"పుట్టిచ్చింది అల్లా. పేరు పెట్టింది అమ్మ. తెల్వక పెట్టింది."

"ఓహో, అమ్మకు తెల్వదు, నీకు తెల్సు! కలెక్టర్ దగ్గరికి పోవాలంటే ముందు చప్రాసీని పట్టుకోమా? బాబా అట్ల. మన మాట ఆయన పైకి చెప్తడు."

"కలెక్టర్‌కు మన గొంతు అందదు గనక చప్రాసీ. అల్లాకు అందదా? మెడ నరం కన్నా దగ్గరున్న అని ఆయనే చెప్పిండు."

"మీ బావ చెప్పేటోడు. అల్లా దోవలో పోయినోళ్ళను సచ్చినోళ్ళు అనొద్దు, బతికే ఉన్నరని ఖురాన్‌లనే ఉన్నదంట."

"ఉన్నది. ఆయన దగ్గర బతికున్నరు. మన అర్జీలు తీసుకుంటున్నరని మాత్రం లేదు."

నాగూర్బి ఇంకో జవాబు వెతుక్కునేదే. కాని మొగుడి పేరెత్తేసరికి మనసు అటు పోయింది. "ఇది అంత పెద్ద పాపమైతే మీ బావ ఇప్పుడు ఏమైతుంటడురా?"

మస్తాన్ తల ఎత్తకుండ, చేతిలో ఫోన్ మూత విప్పుకుంట, "ఆయన కోసం దువా చెయ్యక్కా" అన్నడు. తిట్టినా అంత తగిలేది కాదు.

ఆ దినం నుంచి సమాధి ముందు ఆమెకు నోరు పెగల్లే. అడిగితే అల్లాకు కోపం, అడగకపోతే బాబాకు కోపం. ఊడ్చేది, ఊదు వేసేది, చాదర్ సర్దేది, ఇంటికొచ్చేది. ఎవరూ కష్టం మోసుకొని రాకుంటే బాగుండునని అనుకునేది. వచ్చినోళ్ళను "ఇయ్యాల నాకు పానం బాగలే, రేపు రా" అని తోలేది.

మంగిని తోలలేకపోయింది. మంగి దొర్లోళ్ళ మనిషి, చానా ఏండ్ల నేస్తం. ఎండకాలం రాంగనే బూరుగు దూది మూటలు నెత్తిన పెట్టుకొని వచ్చేది. మూట ముడి విప్పకముందే ఇద్దరు కూసొని జావ తాగేటోళ్ళు. ఆ దినం మూట లేదు, కాళ్ళకు చెప్పుల్లేవు, ఉరుక్కుంట సమాధి కాడికే వచ్చింది.

"బీబక్కా, మా హిడ్మేకు నొప్పులు. కడుపుల బిడ్డ అడ్డం తిరిగిందంట. బండ్ల భద్రాచలం పట్కపోయిన్రు. దాని మొగుడు, అత్త ఎక్కిన్రు, నాకు జాగ లేదు. బస్సు వచ్చేలోపట బాబాకు చెప్పు. నా బిడ్డ, దాని బిడ్డ. రెండు పానాలు."

నాగూర్బి లోపలికి పోయింది. కాళ్ళ దిక్కు వంగింది. "బాబా" అనబోతే మస్తాన్ మొకం అడ్డమొచ్చింది. పోనీ "యా అల్లా" అందామంటే, చెయ్యేమో బాబా చాదర్ మీద ఉన్నది, కూసున్నది ఆయన కాళ్ళ కాడ. ఆయన ఇంట్ల కూసొని ఆయన్ని దాటి అడుగుడెట్ల అని సిగ్గేసింది. పెదాలు కదిలించింది. మాట లేదు. ఉత్త పెదాలు. గడప కాడున్న మంగికి కదులుతున్న ముసుగు కనబడ్డది, అంతే. నాగూర్బి లేచొచ్చి నెమలీకలు తల మీద ఆనించింది.

"చెప్పినవా?"

"ఊఁ."

మంగి మొకం తేటబడ్డది. బస్సుకు ఉరికింది.

హిడ్మే దక్కింది. బిడ్డ దక్కలే.

కబురు తెలిసినంక నాగూర్బి తమ్ముడి దుకాణానికి పోయింది. ఎవరన్నా తనది తప్పు కాదంటే వినాలని పోయింది, నిజం చెప్పాలంటే.

"నువ్వు చెప్పినట్టే చేసినరా. మంగి వచ్చినప్పుడు బాబాను అడగలే."

"మంచి పని చేసినవక్కా. అల్లాను ఏమని అడిగినవ్?"

నాగూర్బి ముక్కు తుడుచుకున్నది. "ఆయన్ని కూడ అడగలే."

మస్తాన్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. "ఎవర్నీ అడగలే?"

"భయమైంది."

"అక్కడ అడగొద్దన్న గాని, అసలుకే అడగొద్దని నేనెప్పుడన్న అక్కా?"

అదీ సంగతి. చాదర్ కప్పేటోళ్ళు, కప్పొద్దనేటోళ్ళు ఎంతన్నా కొట్లాడనీ, ఆపదలో ఉన్నోళ్ళ కోసం అడగమనే ఇద్దరూ చెప్తరు. ఆ ఇద్దరూ తప్పేనని ఒప్పుకునే పని ఏదన్నా ఉంటే, ఏరి మరీ అదే చేసింది నాగూర్బి. అడిగితే బిడ్డ బతికేదని కాదు. రాసిపెట్టిందే అయితదని మస్తాన్ చెప్పిండు, ఆమెకూ తెల్సు. తెల్సినా పెండ్లోళ్ళ పరుపు ఒకటి కుట్టంగ కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళ కుట్టింది. మళ్ళ వంకరే పోయింది.

వానలు పడ్డంక మంగి వచ్చింది. చంకలో కొత్త చాదర్, సుక్మా బజార్ల కొన్నదంట, అంచుకు మెరుపు కుట్టు. గడప బైట ఎప్పటి తావులో కూసొని నాగూర్బి చేతికి అందియ్యబోయింది.

"బిడ్డను ఇచ్చుడు బాబా చేతిలో కూడ లేదేమో అక్కా. నువ్వు చెప్పబట్టి తల్లన్నా మిగిలింది. ఇది కప్పు."

నాగూర్బి చెయ్యి ముందుకు రాలే.

"నేను చెప్పలే మంగీ."

"ఏం చెప్పలే?"

"ఆ దినం లోపలికి పోయిన గాని ఏం చెప్పలే. బాబాకు చెప్పలే, అల్లాకు చెప్పలే. ఉత్తగ పెదాలు ఆడించి నీ దగ్గరికొచ్చి ఊఁ అన్న."

తమ్ముడి మాటలు, పోయిన మొగుడు ఏమైతున్నడోనన్న భయం, అన్నీ చెప్పింది. మంగి చాచిన చాదర్ ఒళ్ళోకి తీసుకున్నది.

"మీ సాయిబుల తగువు నాకెందుకు?" అన్నది చివరికి. "బస్సుల నేను ఏడ్వను కూడ ఏడ్వలే, తెల్సా? పక్కామె 'మీ దేవుణ్ణి తల్చుకోవే' అన్నది. బీబక్క చెప్పింది, అక్కడ మాట నడుస్తున్నది, నడుమ నేను దూరొద్దు అన్న. మా వేల్పును కూడ పిలవలే. నువ్వు అడుగుతున్నవనే నేను అడగలే."

"మాఫ్ చెయ్యి మంగీ" అన్నది నాగూర్బి. మంగి చాదర్ చంకలో పెట్టుకొని లేచి, ఇన్నేండ్లల్ల ఎన్నడూ దాటని గడప దాటి లోపలికి పోయింది. "కాళ్ళు కడుక్కో" అనబోయి నాగూర్బి నోరు మూసుకున్నది.

మంగి చాదర్ అడ్డదిడ్డంగ పరిచింది. కాళ్ళ దిక్కు పోకుండ తల దిక్కే కూలబడి, తమ దొర్లి మాటలో గట్టిగ మొదలుపెట్టింది. నాగూర్బికి ఆ మాట సగం తెల్సు. హిడ్మే పేరొచ్చింది. పేరు కూడ పెట్టని బిడ్డ సంగతొచ్చింది. ఆ తర్వాత తన పేరు వినబడ్డది. ఈ నాగూర్బి మంచిదే గాని నా మాట నీకు అందియ్యలేదంట, నన్ను మోసం చేసింది, నీకు తెల్వకుంటే ఇప్పుడు తెల్సుకో అంటున్నది మంగి. తీరిగ్గ చాడీలు చెప్తున్నది.

నాగూర్బి ఆపలే. లోపలాయన వింటడో వినడో. వింటే ఆయన ముందు దోషి. వినకుంటే, అన్నీ వినేటాయన ముందు దోషి. గడప బైట కూసొని రెండు చేతులు పైకెత్తింది. ఈసారి గొంతు దాచుకోలే.

"యా అల్లా, ఈ మంగి బిడ్డ హిడ్మే…"

"నా మాట అయిపోనీ అక్కా!" లోపల్నుంచి మంగి కసిరింది. "ఇద్దరం ఒక్కసారే మాట్లాడితే ఎవ్వరిదీ వినబడదు."

నాగూర్బి నోరు మూసుకున్నది. ఎత్తిన చేతులు దించకుండ, తన వంతు కోసం కూసున్నది.