అక్కకి కనపడకూడని కాగితం

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. పోయినవాళ్ళు వచ్చి మంచినీళ్ళు అడిగారని ఎవరైనా చెబితే, రాత్రి తిన్నది అరిగిందో లేదో చూసుకోమనేదాన్ని. నందిగామలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. మెషీన్ తనంతట తాను ఏదీ చేయదు, మనం చెప్పిందే చేస్తుందని ఏటా మొదటి క్లాసులోనే చెప్పేదాన్ని. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

2008లో మా అక్క సుగుణకి కడుపులో కేన్సరని విజయవాడలో తేల్చారు. అక్కావాళ్ళు ఉండేది జగ్గయ్యపేటలో. బావ ముక్త్యాల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేవారు. అన్నయ్య పూణేలో ఉండేవాడు. జబ్బు ముదిరిపోయిందని, ఇక ఆపరేషన్ చేసినా లాభం లేదని డాక్టరు బావని పక్కకి పిలిచి చెప్పారు. ఆ మాట అక్క చెవిన పడకూడదని మేం ముగ్గురం ఆరోజే అనుకున్నాం. మా వైపు ఎవరింట్లోనైనా ఇంతే. రోగం పేరు రోగికి తప్ప ఊరందరికీ తెలుస్తుంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నాకు జడలు వేసింది, పరీక్ష ఫెయిలైతే నాన్న కొట్టకుండా అడ్డం నిలబడింది. అలాంటి మనిషి భయపడుతూ పోకూడదు, చివరిదాకా బాగవుతానన్న ఆశతోనే ఉండాలి. అప్పుడు నాకు ఇంకో ఆలోచనే లేదు.

వచ్చిన చిక్కల్లా మా అబద్ధాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం. బావ గ్యాస్ అన్నారు. నేను పేగులో పుండన్నాను. అన్నయ్య ఫోన్లో లివర్ వాపన్నాడు.

"మీ ముగ్గురూ కూర్చుని ఏదో ఒక రోగం ఖాయం చేసుకోండర్రా. అదే తెచ్చుకుంటాను" అని అక్క నవ్వింది.

అప్పుడే ఇంటర్నెట్‌లో ఒక డాక్యుమెంట్ తెరిచాను. ఒకే కాగితాన్ని ముగ్గురం మూడు ఊళ్ళ నుంచి చూసి రాసుకోవచ్చు. అది ఎవరికి కనపడాలో వాళ్ళ పేర్లు మొదట దాన్ని తయారుచేసినవాళ్ళే చేర్చాలి, మిగతా లోకానికి ఆ కాగితం లేనట్టే. బావ పేరూ అన్నయ్య పేరూ చేర్చాను. డాక్టరు అన్నది పైన రాసేవాళ్ళం, అక్కకి చెప్పాల్సింది దాని కింద రాసేవాళ్ళం. మా పాస్టరుగారి గురించి కూడా అందులో ఒక మాట ఉంది. ఆయన మంచం పక్కన నిలబడి గొంతెత్తి ప్రార్థన చేసే మనిషి. ఆ ఊపులో కేన్సర్ అని ఎక్కడ నోరు జారతారోనని, పుండు కోసమే ప్రార్థించమని ముందుగా చెప్పాలని బావ రాసి పెట్టారు.

అక్కకి ఒక మెయిల్ ఐడీ ఉండేది. ఫొటోలు పంపుకోవడానికి ఎప్పుడో నేనే చేసిపెట్టాను. ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి ఆవిడ దాన్ని పెద్దగా వాడింది లేదు.

ఒక సాయంత్రం కాలేజీ లాబ్‌లో కూర్చుని ఆ డాక్యుమెంట్‌లో కొత్త రిపోర్టు సంగతి రాస్తున్నాను. ఎవరెవరు దాన్ని తెరిచి చూస్తున్నారో పేజీ అంచున పేర్లు కనపడతాయి. నా పేరు కింద ఇంకో పేరు వచ్చింది. సుగుణ.

పేజీ మూసేసి బావకి ఫోన్ చేశాను.

"అక్కేం చేస్తోంది బావా?"

"ఇదిగో, జావ తాగుతోంది. ఇక్కడ కరెంట్ లేదమ్మా, విసనకర్రతో విసురుతున్నా."

వెనకనుంచి "ఎవరూ, చిన్నీయా?" అని అక్క గొంతు వినపడింది.

మళ్ళీ తెరిచి సెట్టింగులు చూశాను. ఉన్నవి మా ముగ్గురి పేర్లే. అక్క మెయిల్‌లోకి వెళ్ళి చూశాను. చదవని పాత ఉత్తరాలు తప్ప ఏమీ లేవు. అనుమానం ఎందుకని దాని పాస్‌వర్డ్ మార్చేసి, కొత్తది ఎవరికీ చెప్పలేదు. మెషీన్‌లోనే ఏదో తప్పుందనుకుని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

కొన్నాళ్ళకి నేను జగ్గయ్యపేటలో అక్క తలకి నూనె రాస్తూ ఉండగా పూణే నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. "చిన్నీ, అక్క ఐడీతో ఎందుకు తెరిచావే? నాకిక్కడ అక్క పేరు కనపడుతోంది" అన్నాడు. నా రెండో చేయి అక్క తల మీదే ఉంది. ఫోన్ పెట్టేశాను.

"ఏమంటాడు వాడు?" అంది అక్క.

"ఏం లేదు. ఎలా ఉన్నావని" అన్నాను.

"బాగానే ఉన్నానని చెప్పకపోయావా" అంది.

ఆ తర్వాత వారం డాక్టరు బావతో, ఇక ఆవిణ్ణి తిప్పి శ్రమ పెట్టొద్దు, ఇంట్లోనే ఉంచండి అన్నారు. బావ ఆ సంగతి ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి డాక్యుమెంట్‌లో రాశారు. దాని కింద నేను, 'డాక్టరుగారు మద్రాసు వెళ్ళారు, వచ్చేదాకా ఈ మందులే వాడమన్నారు' అని రాశాను. ఆదివారం ఆ మాట నేనే చెప్పాలనుకున్నాం. బావకి ధైర్యం చాల్లేదు.

బస్సు చిల్లకల్లు దాటినప్పటి నుంచీ ఆ రెండు ముక్కలూ మనసులో తిప్పుకుంటూనే ఉన్నాను. గొంతు వణకకూడదు, కళ్ళు తిప్పుకోకూడదు. ఇంటికి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. నోరు తెరిచేలోపు అక్కే అంది.

"డాక్టరుగారు మద్రాసెళ్ళారంటగా. వచ్చేదాకా ఈ మందులే వాడతాలే."

నేను బావ వైపు చూశాను. ఆయన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయారు. తాను చెప్పలేదని తల అడ్డంగా ఊపారు. ఆ మాట అప్పటిదాకా ఎవరి నోటినుంచీ రాలేదు, కాగితంలో తప్ప ఎక్కడా లేదు.

"ఎవరు చెప్పారక్కా?"

"ఎవరో ఒకరు చెప్పాలిగా. నువ్వు అన్నం తిన్నావా?"

అప్పటినుంచి మాకు అబద్ధం చెప్పే అవసరం రాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి "పుండేనండి, మానిపోతుంది" అని అక్కే చెప్పేది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతే "పుండు కోసం ప్రార్థించండయ్యగారూ" అని తనే అందించేది. నీకు తెలుసా అని ఒక్కసారి అడిగుంటే సరిపోయేది. అడిగితే తెలియని మనిషికి తెలిసిపోతుందేమోనని భయం. అలా భయపడుతూనే అక్కని పంపించేశాం.

అక్క పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూటం ప్రార్థన ముగిశాక బావ నాతో "ఆ కాగితం తీసెయ్యమ్మా. నేను చూడలేను" అన్నారు.

కాలేజీకి వెళ్ళి, తీసేద్దామనే తెరిచాను. తీసేముందు ఎవరెవరికి కనపడుతోందో ఒకసారి చూశాను. నాలుగు పేర్లున్నాయి. నాలుగోది అక్కది.

పేర్లు చేర్చే వీలు నాకొక్కదానికే ఉంది. నేను చేర్చలేదు. అన్నయ్యనీ బావనీ అడిగాను, వాళ్ళకి ఆ సెట్టింగ్ తెరుచుకోనే తెరుచుకోదు. తెలిసినవాళ్ళని అడిగితే ఏదో కారణం చెప్పారు. పేరు కనపడటానికి ఆ కారణం సరిపోతుందేమో. మద్రాసు మాటకి సరిపోదు. ఇన్నేళ్ళయినా అదెలా జరిగిందో నాకు తెలియదు, తెలుస్తుందన్న ఆశ కూడా లేదు.

నన్ను తినేస్తున్నది అది కాదు. ఆ డాక్యుమెంట్‌లో కొందరికి చూసి రాసే వీలు ఇవ్వొచ్చు, కొందరికి చూసే వీలు మాత్రమే ఇవ్వొచ్చు. మా ముగ్గురి పేర్ల ఎదురుగా రాయొచ్చు అని ఉంది. అక్క పేరు ఎదురుగా చూడటం మాత్రమే అని ఉంది. నా చావుకి వీళ్ళిలా సిద్ధమవుతున్నారా అని ప్రతి ముక్కా చదువుకుంటూ కూర్చుందేమో మా అక్క. తిరిగి ఒక్క మాట రాయడానికి లేదు.

నేను దాన్ని తీసేయలేదు. అక్క పేరు ఎదురుగా ఉన్న సెట్టింగ్ రాయొచ్చు అని మార్చాను. ఏడుపు ఆగలేదు. "ఇప్పుడు రాయొచ్చక్కా" అని పైకే అనేశాను. లాబ్‌లో పిల్లలందరూ తలెత్తి నా వైపు చూశారు.