ఆగుడు దెబ్బ

ముందు డీజిల్ పొగ వాసన వస్తుంది, పాట తర్వాత వస్తుంది. లాల్‌గడి మలక్‌పేట్ వైపు ఒకప్పుడు జొన్న చేలుండే చోట ఇప్పుడు రాళ్లు పాతిన ప్లాట్లున్నాయి. వాటి మధ్య ఏ పెళ్లి ఊరేగింపు కదిలినా, డీజే బండి జనరేటర్ కక్కే ఆ పొగ నా గొంతులో అడ్డం పడుతుంది. వెంటనే మూడు దెబ్బలు, ఒక ఆగుడు, మళ్లీ అన్నీ కలిసి ఒక్క దెబ్బ. ఆ ఆగుడులో డీజే తన పేరు తానే అరుచుకుంటాడు. అది విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఆగుడు మా బాపుది. అందులో ఏమీ ఉండకూడదు.

బాపు గౌడవెల్లిలో నా దగ్గరే ఉన్నాడు. వేళ్లు వంకర్లు పోయాయి, డప్పు పట్టలేడు. నన్ను ఒక్కటే అడిగాడు: తను పోయిన రోజు డీజే పెట్టొద్దని, ఆ దెబ్బ చేత్తో కొట్టాలని. ఆ చేతులు ఊళ్లో మిగల్లేదు. కొందరు కాలం చేశారు. వాళ్ల కొడుకులు బైకుల మీద ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతారు. కొట్టాల్సినవాణ్ని నేను. నాకు రాదు, రాకపోవడానికి కారణం కూడా నేనే.

నా చిన్నప్పుడు బోనాల నాడు మా వాడ పొగతో నిద్ర లేచేది. ఆషాఢం ముసురుకు తోలు చల్లబడి, డప్పు తడిగుడ్డ మీద కొట్టినట్టు పలికేది. అందుకని వరిగడ్డి మంట వేసి, బాపు బ్యాండువాళ్లంతా చుట్టూ కూర్చుని, పిల్లకు చలి కాచినట్టు డప్పులను తిప్పి తిప్పి కాచేవాళ్లు. బాపు గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, ఇంకా కాలేదని మళ్లీ మంటకు పట్టేవాడు. ఆ పొగలో అవ్వ వండే బెల్లం అన్నం వాసన, గడపలకు రాసిన పసుపు వాసన, తడిసిన వేపమండల చేదు వాసన కలిసిపోయి, స్నానం చేసినా రెండు రోజులు మా ఒంటిని వదిలేవి కావు.

ఆ మంట దగ్గరికే అత్వెల్లి నుంచి దానియేలు మామ సైకిల్ మీద వచ్చేవాడు, వీపున దుప్పటి చుట్టిన గిటార్‌తో. అమ్మ వైపు చుట్టం. వాళ్లది చర్చి కుటుంబం. ఆదివారం ఆరాధనలో ఆయన వాయించే బేస్ గిటార్ అది, నాలుగు లావు తంతులది. మీటితే చెవికంటే ముందు కడుపుకు తెలిసేది. మా దిక్కు అప్పటిదాకా డప్పు పక్కన అలాంటిది ఎవరూ పెట్టలేదు. బోనాలకు వాయిస్తే పాస్టరు గారు ఊరుకుంటారా అని అవ్వ భయపడేది.

"ఆయన లగ్గానికి కొట్టింది మనమే గద అత్తా," అనేవాడు మామ. "మస్తు ఎగిరిండు. ఇప్పుడేం మొకం పెట్టుకొని అడుగుతడు?"

గిటార్‌కు కరెంటు కావాలి. ఎడ్లబండి మీద ఒక పాత కిరసనాయిలు జనరేటర్ పెట్టారు. అది దమ్ము రోగంతో ఉన్న ముసలాయనలా ఉండేది. మామ లావు తంతి గట్టిగా మీటితే చాలు, దాని గొంతు పూడుకుపోయి, పాట మధ్యలో గిటార్ చచ్చిపోయేది. ఒక బోనాలప్పుడు మధ్యాహ్నం ఊరేగింపు మధ్యలో ఇదే జరుగుతుంటే మామకు విసుగొచ్చింది.

"బావా, నేను గుంజుతే గీ ఇంజన్ పానం వోతాంది. ఇగ నాతోని గాదు."

"నువ్వు గుంజు. నేను దానికి ఊపిరి తీసుకోనిస్త," అన్నాడు బాపు.

తర్వాతి చుట్టులో మూడు దెబ్బలు కొట్టి, బాపు కుడిచేతిలోని సిర్రను, డప్పు కొట్టే ఆ పుల్లను, పైకెత్తి పట్టాడు. డప్పులన్నీ ఆగాయి. గిటార్ ఆగింది. బోనం ఎత్తుకుని ఆడుతున్న ఆడవాళ్ల కాళ్లు లేచినవి లేచినట్టే ఉండిపోయాయి. ఆ నిశ్శబ్దంలో జనరేటర్ ఊపిరి తీసుకోవడం మాకు వినిపించింది. సిర్ర కిందికి దిగింది. డప్పులూ తంతీ కాళ్లూ అన్నీ ఒకేసారి నేలను కొట్టాయి. నా కాళ్ల కింద మట్టి అదిరినట్టు ఇప్పటికీ గుర్తు.

ఆ తర్వాత మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఆగుడు దెబ్బ కొట్టని బ్యాండును ఎవరూ పెళ్లికి పిలవలేదు. మంచి జనరేటర్లు ఉన్న బ్యాండువాళ్లు కూడా, ఎందుకు ఆగుతున్నారో తెలియకుండానే, సరిగ్గా అక్కడే ఆగేవాళ్లు. ఎండాకాలం లగ్గాల్లో అదే, క్రిస్మస్ ముందు చలిలో అత్వెల్లి ఇల్లిల్లూ తిరిగి పాడే పాటల్లోనూ అదే. మేం పిల్లలం నూనె డబ్బాల మీద కొట్టుకుని ఆడేవాళ్లం. ఆగుడులో ఎవడు కదిలితే వాడు అవుట్. మేం ఆటలో కూడా ఆ ఖాళీని ముట్టుకోలేదు.

శామీర్‌పేట దగ్గర ఒక పటేల్ ఇంటి లగ్గానికి నేనూ వెంట వెళ్లాను. పటేల్ తలపాగా ఊడిపోయేదాకా ఆ దెబ్బకే ఆడాడు. భోజనాల వేళ మాత్రం గిటార్ ఆయన్ని లోపలికి పిలిచి, డప్పులోళ్లను పశువుల కొట్టం పక్కన కూర్చోమన్నారు. దానియేలు మామ విస్తరి చేత్తో పట్టుకుని బయటికి వచ్చి బాపు పక్కన కూర్చున్నాడు.

"లోపట కూర మంచిగ లేదా?" అన్నాడు బాపు.

"కూర మంచిగనే ఉన్నది. మనుషులే ఉడకలే," అన్నాడు మామ.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ రోజు నాకు కోపం రావలసింది పటేల్ మీద. డప్పు మీద వచ్చింది. పదో తరగతిలో బాపు నా చేతికి సిర్ర ఇవ్వబోతే "నేను గొట్ట" అన్నాను. బాపు మళ్లీ అడగలేదు. చదివాను, ఉద్యోగం వచ్చింది, బాపు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే వ్యవసాయం అన్నాను. గడ్డిపొగ వాసన అంటుతుందని మంట దగ్గరికి పోవడం మానేశాను. చిన్నప్పుడు ఆ వాసన లేనిదే నాకు పండుగ కాదు.

నా కొడుకు పెళ్లికి డీజేను పిలిచింది నేనే. ఫంక్షన్ హాలు ముందు ఆ దెబ్బ మొదలవగానే బాపు కర్ర ఊతంగా లేచి వెళ్లి, మీటల పెట్టె దగ్గరున్న పిల్లవాడితో అన్నాడు:

"బిడ్డా, గా ఆగుడుల పేరు ఒర్లకు. ఖాళీగ ఉంచు."

"ఖాళీగ ఉంటే పెన్‌డ్రైవ్ కరాబైందనుకుంటరు తాతా. జర పక్కకు జరుగు, వైర్లు తొక్కుతున్నవ్."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ పిల్లవాడికి తెలియదు, వాడిని ఏమనను? నాకు తెలుసు. ఇది మా బాపు దెబ్బ, ఆపు అని ఒక్క మాట అనగలిగేవాణ్ని. అనకుండా బాపు రెక్క పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను, పెళ్లిలో గొడవ చేస్తున్న ముసలివాణ్ని కూర్చోబెట్టినట్టు. బాపు నా వైపు చూడకుండానే అడిగాడు, "నేను వోయిన్నాడు గూడ గిట్లనే ఒర్లుతడా?"

డీజేలను తిట్టడం సులువు. ప్లాట్లు చేసినవాళ్లను, పటేళ్లను తిట్టడమూ సులువే, వాళ్లకు తగిన తిట్లే అవి. కానీ ఆ ఖాళీని కాపాడాల్సిన ఇంట్లోంచి ఒకడు తప్పుకున్నాడు కాబట్టే అందులోకి ఎవరి పేరో దూరింది.

ఇప్పుడు ఆదివారాలు ఆరాధన అయ్యాక దానియేలు మామ బస్సులో వస్తాడు. గిటార్ ఎత్తలేడు, తంతి మోతను నోటితోనే పలుకుతాడు. గడ్డి దొరకదు, యంత్రాలతో కోసిన పొలాల్లో అంతా పొట్టే. అట్టముక్కలు కాల్చి డప్పు కాస్తాను. మూడు దెబ్బలు పడతాయి. ఆగుడు దగ్గర నా చెయ్యి నిలవదు, తొందరపడి ముందే పడిపోతుంది.

"యాభై ఏండ్లు ఆగినవ్," అంటాడు మామ. "గింతసేపు ఆగనీకి ఏమైంది అల్లుడా?"

మూడో దెబ్బ పడగానే బాపు వంకర వేళ్లతో నా మణికట్టు పట్టుకుంటాడు. గదిలో ఏ చప్పుడూ ఉండదు. బాపు వదిలినప్పుడే నేను కొడతాను. ఆయన పట్టుకుంటే సరిగ్గా వస్తోంది. ఆయన పట్టుకోని రోజుకు రావాలి.