అంగడినాటి వాయిదా

కేసు ఖర్చు ఎంతయిందని ఎవరైనా అడిగితే మా ఆయన వకీలు ఫీజు చెప్పేవాడు, స్టాంపులు చెప్పేవాడు, మహా అయితే గుమస్తా తాగిన చాయ్ కూడా కలిపేవాడు. అసలు ఖర్చు మాత్రం ఆయన నోట ఒక్కసారీ రాలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డెబ్బైల చివర జహీరాబాద్‌లో మాకు తాళ్ల దుకాణం ఉండేది. పగ్గాలు, మోకులు, ముకుతాళ్లు అమ్మేవాళ్లం. వారమంతా ఈగలు తోలుకున్నా, వారానికోసారి సంత జరిగే అంగడి నాడు ఝరాసంగం, న్యాల్‌కల్ రైతులు బస్సులు దిగితే మాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఆ ఒక్కరోజు బేరంతోనే ఇల్లు గడిచేది.

పక్క దుకాణమూ తాళ్లదే. ఆ దుకాణదారు కొత్తగా అరుగు కట్టించుకుంటూ మా జాగాలోకి మూరెడు జరిగాడు. మా ఆయన కోర్టుకెక్కాడు. నేను వద్దనలేదు. జాగా మాది, కోపం నాకూ ఉంది. మొదటి వాయిదా అంగడి నాడు పడింది. తర్వాతదీ అంగడి నాడే. మళ్లీ అదే రోజు అనేసరికి నేనే వకీలు ఇంటికి పోయాను.

"వకీల్ సాబ్, జర వేరే రోజు ఇప్పియ్యున్రి. అంగడి నాడు దుకాణం బందయితుంది."

ఆయన నవ్వాడు. "నేనే అడిగి ఏయిస్తున్ననమ్మా. ఊర్లోల్లు అంగడికి ఎట్లాగు వస్తరు. ఒక్క బస్సు కిరాయిల రెండు పనులైతయి. అందరికీ సౌలత్."

"మాది ఊరు గాదు సాబ్, దుకాణం."

"చూస్తలే," అన్నాడు. చూడలేదు.

పోనీ దుకాణంలో నేను కూర్చుంటానన్నాను. తాడు మూరేయడం వచ్చు, బేరమూ వచ్చు. "రైతులు ఆడదానితోటి బేరం జేస్తరా? ఊకో," అన్నాడు మా ఆయన. కోర్టుకు పోకుండా ఉందామంటే, పేరు పిలిచినప్పుడు పలకకపోతే కేసు కొట్టేస్తారని భయం. అందుకని తలుపుకు తాళం వేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోయేవాడు. సాయంత్రం దాకా వరండాలో నిలబడి, "జడ్జి సాబ్ సెలవట," అంటూ ఉసూరుమని వచ్చేవాడు.

పక్కవాళ్లు అన్నదమ్ములు. ఒకరు కోర్టుకు పోతే ఒకరు దుకాణంలో ఉండేవారు. మా ఇల్లు దుకాణం వెనకే కాబట్టి వాళ్ల బేరాలన్నీ నాకు గోడ అవతలి నుంచి వినబడేవి. కొన్ని గొంతులు మా పాత గిరాకీవి. నేను గిన్నెలు తోముతూ వాటిని గుర్తుపట్టేదాన్ని, తర్వాత నా కోపం గిన్నెల మీద చూపించేదాన్ని.

ఏళ్లు అలాగే గడిచాయి. ఒకసారి కోహీర్ నుంచి వచ్చే ముసలి రైతు బజారులో ఎదురుపడ్డాడు. ఆయన తండ్రి కాలం నుంచీ మా దగ్గరే కొనేవారు. భుజం మీద కొత్త పగ్గాలున్నాయి. నా చూపు వాటి మీద పడిందని తెలిసి ఇబ్బంది పడ్డాడు.

"ఏం జెయ్యాలె బిడ్డా, మీరు అంగడి నాడు తెరుస్తలేరు. ఎద్దు ఆగుతదా?"



ఎనభైల్లో కేసు గెలిచాం. మా ఆయన వాడంతా పేడాలు పంచాడు. నెల తిరక్కుండానే పక్కవాళ్లు సంగారెడ్డి పెద్ద కోర్టుకు పోయి, అరుగు కూల్చకుండా ఆర్డరు తెచ్చుకున్నారు. మళ్లీ వాయిదాలు. కాగితం వచ్చిన రోజు ఆయన మొహం వెలిగిపోయింది.

"ఈసారి అంగడి నాడు పడలే. ఫికర్ జెయ్యకు."

ఆ వారం అంగడి నాడు పొద్దున్నే దుకాణం తీశాడు. తాళ్లు దులిపి గుమ్మానికి వేలాడదీశాడు. మధ్యాహ్నం దాకా ఒక్కరూ రాలేదు. రైతులు ఆ మూరెడు అరుగు మీదే కాలు పెట్టి పక్క దుకాణంలోకి ఎక్కుతున్నారు. కాసేపు చూసి, మా ఆయన గల్లాపెట్టె ముందు నుంచి లేచి నన్ను పిలిచాడు.

"ఇగ నువ్వు కూసో," అన్నాడు.