అట్టల్లో లేని కౌజు పిట్ట

దయ్యాలకు భయపడడం మా ఇంటి పద్ధతి కాదు. అందుకే చిన్నప్పుడు నేను భయపడలేదు. పెద్దయ్యాక భౌతికశాస్త్రం చదివాను కాబట్టి ఆ అవసరమే రాలేదు. హిందూపురంలో ఒక హైస్కూల్లో ఇరవై ఏడేళ్లు సైన్సు చెప్పాను. కారణం లేకుండా ఏదీ జరగదని ఎంతమంది పిల్లల చేత రాయించానో లెక్కలేదు. ఈ సంగతిని ఇంతకాలం కాగితం మీద పెట్టకపోవడానికి అదే కారణం. చూసింది చూసినట్టు వరుసగా రాస్తాను. నమ్మమని అడగను. అడగడం మాకు అలవాటు లేదు.

ధర్మవరంలో ఒకప్పుడు మావి నలభై మగ్గాలు. మా తాత పట్టుచీరలు నేయించి అమ్మడమే కాదు, అంచుల మీది బొమ్మలు స్వయంగా గీసేవాడు. మా చీరలో తప్పు పడితే దాన్ని తగ్గించి అమ్మడం ఉండేది కాదు. తాత కత్తెర తీసుకుని, నేసినవాడి ఎదుటే ఆ మేరకు కోసి పారేసేవాడు. మగ్గాలు పోయాయి, ఇల్లు పోయింది. ఆ నియమం మాత్రం నాదాకా వచ్చింది. పిల్లల రికార్డు పుస్తకాల్లో కొట్టివేతలు కనిపిస్తే నేను పేజీ చింపించి మళ్లీ రాయించేవాణ్ని.

మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, పెండ్లి చీర అంచును తాతే గీశాడు. అందరూ హంసలూ నెమళ్లూ వేయించుకునే కాలంలో ఆయన కౌజు పిట్టను వేశాడు. మా మెట్టచేలల్లో సాళ్ల మధ్య గుడుగుడు పరిగెత్తే ఆ చిన్న పిట్టే. మేలిమి జరీలో కౌజు పిట్టేమిటని అవ్వ పుట్టింటివాళ్లు మూతి ముడుచుకున్నారట. అవ్వకు మాత్రం ఆ చీర ప్రాణం.

వ్యాపారం కూలినప్పుడు నాయన ఆ చీరను పాత జరీ కొనేవాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లు పాత పట్టుచీరలను కాల్చి, బూడిదలోంచి వెండి తీస్తారు. అప్పుడు నాకు పదమూడేళ్లు. ఈ సంగతి అవ్వకు ఎవరూ చెప్పలేదు. చీర పెనుకొండలో మా మేనత్త పెట్టెలో భద్రంగా ఉందన్నాం. నాయన పోయాక ఆ అబద్ధాన్ని మోసే పని నా మీద పడింది.

తొంభైల చివర్లో అవ్వ హిందూపురంలో నా దగ్గరే ఉండేది. నీటికాసులు అనే కంటి జబ్బు వల్ల రెండు కళ్లూ పోయాయి. గుండె బలహీనంగా ఉంది, ఎక్కువ కాలం ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఒక ఉదయం నేను బడికి బయలుదేరుతుంటే పిలిచింది.

“ఏమప్పా, పెనుకొండకు పోయి ఆ చీర తెస్తావా? కట్టుకునేదానికి కాదులే. ఒకసారి చేత్తో పట్టుకుంటా.”

“సెలవు దొరకాల గదా అవ్వా,” అన్నాను.

“మీ బడికి ఆదివారాలు కూడా లేవా? సరేలే, నాకేం తొందర. నేను యాడికి పోతాను?”

ఎక్కడికి పోబోతుందో ఇంట్లో అందరికీ తెలుసు. నిజం చెబితే ఆ గుండె తట్టుకోదని నా భయం. చెప్పకపోతే, అడిగిన ఒక్క కోరికా తీరకుండానే పోతుంది.

ఆదివారం ప్యాసింజరెక్కి పెనుకొండ వెళ్లాను. మేనత్తకు సంగతి చెప్పి, నువ్వే వచ్చి మీ అమ్మతో మాట్లాడమన్నాను.

“నేనా? నా నోరు రాదు నాయనా. నువ్వు బడి అయివారు కదా, దినమూ అరిచేవానివి, నువ్వే చెప్పు,” అంది. కాసేపాగి, “అటక మీద మీ తాత చిల్లుల అట్టలు ఉండాలి చూడు. చెద తినింటే తినింటాది,” అంది.

గోనెసంచిలో దొరికాయి. తాత చేతిరాతతో అంకెలు వేసిన, దారంతో వరుసగా కుట్టిన మగ్గం అట్టలు. మీద “కౌజు” అని రాసి ఉంది.

ఈ అట్టల పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మగ్గం పైన జకార్డు అనే పరికరం ఉంటుంది. నేతగాడు కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట ముందుకు వస్తుంది. చిల్లు ఉన్నచోట పడుగు దారం, అంటే నిలువు దారం, పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ సందులోంచి అడ్డదారం, అంటే పేక, పోతుంది. అట్టలన్నీ తిరిగేసరికి ఒక పిట్ట పూర్తవుతుంది. మళ్లీ మొదటి అట్ట, మళ్లీ అదే పిట్ట. కంప్యూటర్ల తొలిరోజుల్లో వాటికి పని చెప్పిన చిల్లుల కార్డుల ఆలోచన ఈ మగ్గాల నుంచే వచ్చిందని అంతకు కొన్నాళ్ల ముందే ఒక పత్రికలో చదివాను. మా బడికి అప్పుడే మొదటి కంప్యూటర్ వచ్చింది. అందరం చెప్పులు బయట విడిచి ఆ గదిలోకి వెళ్లేవాళ్లం. ఐదో తరగతితో చదువాపేసిన మా తాత అదే భాషలో ఒక పిట్టను రాసి అటక మీద పెట్టాడన్నమాట. ఆ అట్టలను ఒడిలో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

చీరను తేలేను. అంచునైనా మళ్లీ నేయించవచ్చు.

ధర్మవరంలో నాగరాజు అనే నేతగాడి ఇంటికి వెళ్లాను. యాభై దాటినవాడు. వాళ్ల నాయన మా మగ్గాల మీద పనిచేశాడు, అదీ అవ్వ పెండ్లి జరిగిన పదేళ్ల తర్వాత చేరి. ఒకప్పుడు మా గడపలో నిలబడినవాళ్ల గడపలో నేను నిలబడడం అదే మొదలు.

“ఏం సారూ, దావ తప్పినారా? షావుకారు మనవడు మా మగ్గం కాడికి వచ్చినాడంటే ఈ పొద్దు వాన గ్యారంటీ!” అన్నాడు. నేను నవ్వలేదు. అతనే నవ్వి చాప పరిచాడు.

ఆ పాత అట్టలకు సరిపోయే పాత జకార్డు అతని దగ్గర ఇంకా ఉంది. నేసిన చీర కోశాక మగ్గం మీద మిగిలిన పడుగు కూడా ఉంది. ఒక్కటే ఇబ్బంది. రెండు వందల నలభై అట్టల్లో పదకొండింటిని చెద తినేసింది. పిట్ట ముక్కు, తల ముందుభాగం వాటిలోనే ఉన్నాయి. మిగిలిన అట్టల చిల్లులను బట్టి లెక్కకట్టి ఆ భాగాన్ని గ్రాఫు కాగితం మీద నేనే గీశాను. నా గీతలో పిట్ట తిన్నగా ముందుకు చూస్తోంది. నాగరాజు కాగితాన్ని దూరం పెట్టి చూశాడు.

“బాగుండాది సార్. అంతా మీ మాదిరే వచ్చినాది. మెడ వంచే రకం కాదు.”

ఆ ప్రకారం పదకొండు అట్టలకూ చిల్లులు కొట్టించాం. మరుసటి ఆదివారం పొద్దున్నే అతను నేత మొదలుపెట్టాడు. పక్కనే కూర్చుని చూశాను. పట్టుచీరను బోర్లా నేస్తారు, అసలు ముఖం కిందికి ఉంటుంది. కింద అద్దం పట్టి మొదటి రెండు పిట్టలూ చూశాం. సరిగ్గా ఉన్నాయి. ఇక అద్దం అవసరం లేదనుకున్నాం. అట్టలు మారవు కదా. మధ్యాహ్నానికి ఏడు పిట్టలు పూర్తయ్యాయి. నాగరాజు ముక్కను కోసి, తిప్పి, వెలుగులో పరిచాడు.

ఆరు పిట్టలు ముందుకు చూస్తున్నాయి. ఐదోది మెడ తిప్పి వెనక్కి చూస్తోంది.

“సార్, ఇది నేను చేసింది కాదు,” అన్నాడు నాగరాజు. గొంతులో నవ్వు లేదు. అట్టలన్నీ దించి రెండుసార్లు లెక్కపెట్టాం. రెండు వందల నలభై. అంకెలు వరుసలోనే ఉన్నాయి. తల వెనక్కి తిరగాలంటే వీపు మీదుగా కనీసం నలభై అట్టలు వేరుగా ఉండాలి. ఒక దారం తెగితేనో, ఒక అట్ట జారితేనో గీత పడుతుంది, చార పడుతుంది. అంత తీరైన మెడ రాదు. అట్టలు మళ్లీ ఎక్కించి ఇంకో రెండు పిట్టలు నేశాడు. రెండూ ముందుకే చూశాయి.

కారణం ఏదైనా, తప్పు తప్పే. నేను కత్తెర అడిగాను. మొదటి నాలుగు పిట్టల వరకు కోసుకుపోదామనుకున్నాను.

నాగరాజు ముక్కను వెనక్కి లాక్కున్నాడు. “ఏం సారూ మీరు! చూపు లేని పెద్దామెకు తప్పేంది, ఒప్పేంది? నాలుగు పిట్టల ముక్క చేతికి యాడ చాలుతుంది?”

నేను ఆగింది ప్రేమతో అని రాయాలని ఉంది. కానీ నిజానికి బండికి టైమైంది.

ఆ సాయంత్రం మసక పడకముందే ఇంటికి చేరాను. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. ఏమీ చెప్పకుండా ముక్కను ఆమె చేతుల్లో పెట్టాను. అబద్ధమో నిజమో ఏదో ఒకటి చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను.

అవ్వ వేళ్లు అంచు మీద నడిచాయి. “కౌజు పిట్ట,” అంది. ముఖం వెలిగింది. ఒక్కో పిట్టనూ ముక్కు నుంచి తోక దాకా తడుముతూ పోయింది. ఐదో పిట్ట మీద వేళ్లు ఆగిపోయాయి. అక్కడే అటూ ఇటూ తిరిగాయి.

“ఈడుండాది,” అంది.

“ఏదవ్వా?”

“తిరిగి చూసేది.” చిన్నపిల్లలా నవ్వింది. “మీకెవురికీ తెలీదులే. చీరంతట్లో ఒక్క పిట్టే ఇట్ల ఎనక్కి తిరిగి చూస్తాంటాది. దాని ఒక్కదానికే వేరే అట్టలు కొట్టినాడు మీ తాత. నేసినాంక వాటిని పొయ్యిలో పెట్టినాడు, ఇంకో చీరలో రాకూడదని. పెండ్లి చూపులకొచ్చినప్పుడు నేను తలొంచుకోనుంటే, లేచి పోతా పోతా తిరిగి తిరిగి నన్నే చూసినాడు. అదే ఈ పిట్ట. ఎవురికన్నా చెప్తే మర్యాద పోతాదని నాతో ఒట్టేపిచ్చుకున్నాడు!”

నేను ఆ పిట్ట గురించి ఆమెకు చెప్పలేదు. నాగరాజుకు తెలిసే వీలు లేదు. మేనత్తను తర్వాత అడిగాను, ఆమె ఎన్నడూ విననే లేదు.

ఇక నేను ఆగలేకపోయాను. “అవ్వా, ఇది ఆ చీర కాదు. దాన్ని నాయన కాల్చేవాళ్లకు ఇచ్చేసినాడు. ఇన్నేండ్లూ నీతో అబద్ధమే చెప్పినాం,” అన్నాను.

ఆమె ఊపిరి వైపే చూస్తూ కూర్చున్నాను. తర్వాత అడిగింది. “ఆ పొద్దు మీ నాయన ఏడ్చినాడా?”

“ఏడ్చినాడు. పెరట్లో కూచోని. నేను చూసినా.”

“పిచ్చోడు. నాతో చెప్పింటే నేనే మడిచి ఇచ్చింటి గదప్పా,” అంది. తర్వాత నా తల దగ్గరికి లాక్కుని నిమిరింది. అప్పటికి నాకు నలభై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఎవరైనా చూస్తారేమోనని వాకిలి వైపు చూశాను గానీ, తల తీసుకోలేదు.

ఆ కార్తీకంలో అవ్వ నిద్రలోనే పోయింది. ముక్క ఆమె చేతిలో ఉంది. తీయలేదు, దానితోనే సాగనంపాం. కాబట్టి చూపించడానికి ఇప్పుడు నా దగ్గర రుజువు లేదు. నేనూ నాగరాజూ చూశాం, అంతే.

అవ్వ చెప్పిందంతా నాగరాజుకు చెప్పాను. తర్వాత నాలుగేళ్లపాటు, ధర్మవరం వెళ్లినప్పుడల్లా నాగరాజును ఇదే విసిగించేవాణ్ని. పడుగు సంగతి, జకార్డు కొక్కేల సంగతి, తొక్కుడు సంగతి. చివరికోసారి అతను చేతిలోని పేక దారపు నాడె పక్కన పెట్టాడు.

“ఏమబ్బా సారూ, మీ తాత అంత దూరం నుంచి పెండ్లాన్ని చూసేదానికి వచ్చినాడు. ఏ బండికి వచ్చినావప్పా అని అడుగుతారా ఎవురన్నా?”

అతనికి అది చాలింది. నాకు చాలలేదు. ఇప్పటికీ గ్రాఫు కాగితం ముందు పెట్టుకుని లెక్క వేస్తూనే ఉన్నాను. తేలడం లేదు.