బాబాయి కుడిచెయ్యి

ఈ రోజు మధ్యాహ్నం నెల్లిమర్లలో మా బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయన చెరకు రసం బండి నడిపేవాడు. పోయిన ఎండాకాలం ఆ మిషన్‌లోనే కుడిచెయ్యి నలిగిపోతే మోచేతి దాకా తీసేశారు.

వచ్చేటప్పుడు టాయిలెట్ పేపర్ తెమ్మని ఫోన్లో అడిగాడు. విజయనగరంలో కొట్టతను రోల్స్ సంచిలో వేస్తూ, "మీ ఇంటికి ఫారినోళ్ళు వచ్చినారేటమ్మా?" అన్నాడు. నేనూ నవ్వేశాను.

ఇంటికెళ్ళాక ఇవెందుకని అడిగాను.

"ఉన్నది ఒక్క సెయ్యే కదమ్మా. దాంతోనే కడుక్కోవాల, దాంతోనే తినాల. సబ్బెట్టి ఎంత తోమినా, ముద్ద నోటికాడికొచ్చి ఆగిపోతన్నాది. కాయితమైతే సేతికి అంటదు కదా అని."

స్పూను ఇస్తే వద్దంటాడట. చేత్తో కలుపుకోనిదే ఆయనకు తిన్నట్టు ఉండదు.

భోజనాలకు కూర్చున్నాం. పిన్ని పొగలు కక్కే అన్నం వడ్డించింది. బాబాయి ఎడమచెయ్యి ఒళ్ళోనే ఉంది. ఖాళీగా వేలాడే కుడివైపు చొక్కాచెయ్యి మాత్రం కంచం మీదికి లేచింది. అంతలోనే ఉలిక్కిపడి వెనక్కి లాక్కున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"కాలిందమ్మా."

వేళ్ళు ఉండాల్సిన చోట ఉఫ్, ఉఫ్ మని ఊదుకున్నాడు. పిన్ని కంచం తనవైపు జరుపుకుని, విసనకర్రతో అన్నం చల్లార్చింది.

మీ ఎరుకలో ఒంటిచేత్తో బతుకుతున్నవాళ్ళు ఉంటే ఎలా తింటున్నారో చెప్పండి. పేపర్ సంగతి నేను చూసుకుంటాను. లేని చెయ్యి కాలితే ఏ మందు రాయాలో నాకు తెలీడం లేదు.