డాష్‌బోర్డు మీది వినాయకుడు

అమెరికాలో, న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో కొత్తగా దిగిన తెలుగువాళ్ళకి ముందుగా అక్కరకొచ్చేది మీనాక్షి వ్యాన్. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాలన్నా, అత్తగారు న్యూవార్క్ ఎయిర్‌పోర్టులో దిగుతున్నా, అర్జెంటుగా ఆస్పత్రికి పరుగెత్తాలన్నా ఆవిడకే ఫోన్. డ్రైవింగ్ రాని ఆడవాళ్ళకు నేర్పేదీ ఆవిడే. పైసా తీసుకునేది కాదు. అలాగని ఊరికే చేసేదనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. ఎవరింట్లో పేరంటం జరిగినా "మీనాక్షి గారు లేకపోతే మా గతేమయ్యేదో" అన్న మాట ఆవిడ చెవిన పడాలి. పడని రోజున అన్నం సయించేది కాదు.

అలాంటి మనిషికి కావ్యశ్రీ దాపురించింది. కరీంనగర్ పిల్ల. మొగుడి వెంట బిక్కుబిక్కుమంటూ వచ్చినప్పుడు దాని చేత స్టీరింగ్ పట్టించింది మీనాక్షే. బండి తీసే ముందు డాష్‌బోర్డు మీది ఇత్తడి వినాయకుణ్ణి వేలితో తాకి కళ్ళకద్దుకోవడం కూడా మీనాక్షే అలవాటు చేసింది. ఇప్పుడా పిల్ల తెల్లటి కొత్త సెవెన్ సీటర్ కొన్నది. వెనకసీట్లో పిల్లలు బొమ్మలు చూసుకోవడానికి తెరలు, ఎవరి ఫోన్‌కి వాళ్ళకి చార్జర్లు. మొదట మొహమాటపడుతూ ఒకరిద్దరు అటు మళ్ళారు, తర్వాత అందరూ మళ్ళారు.

మీనాక్షికి కడుపు రగిలిపోయింది. బాల్కనీలో తులసికి నీళ్ళు పోసే వంకన నిలబడి ఆ తెల్లబండిలోకి ఎవరెవరు ఎక్కుతున్నారో చూసేది. ఎక్కినవాళ్ళు ఆ సాయంత్రం ఎదురుపడితే పలకరించేది కాదు. పార్కింగ్‌లో కావ్యశ్రీ బండి గీత దాటి ఉంటే చాలు, ఆ పూటంతా మొగుడు అమర్‌నాథ్‌కి అదే పారాయణం. "నేను నేర్పిందేమిటి, ఇది బండి పెట్టిందేమిటి" అని ఒకటే సణుగుడు. పాపం, ఆయన పేపరు అడ్డం పెట్టుకుని ఊకొట్టేవాడు.

ఇలా ఉండగా సిగ్నల్ దగ్గర ఆగిన మీనాక్షి వ్యాన్‌ని వెనకనుంచి ఒక ట్రక్కు గుద్దింది. ఆవిడకేమీ కాలేదు గానీ బండి వెనకభాగం నుజ్జయింది. పక్క తలుపు తెరుచుకోవడం మానేసింది. బాగుచేయించడం దండగ, చారిటీకి ఇచ్చేద్దామన్నాడు అమర్‌నాథ్. పాడైన బళ్ళు తీసుకెళ్ళి, తమ మెకానిక్‌ల చేత బాగుచేయించి, బండి లేని తల్లులకు ఇచ్చే సంస్థ ఒకటి ఉందట. మీనాక్షి ససేమిరా అంది. మర్నాటికల్లా ఆవిడే ఒప్పుకుంది. బండి కొనడం ఎవరైనా కొంటారు, దానం చెయ్యడం అందరి వల్లా అవుతుందా! ఈ సంగతి తెలిస్తే నలుగురూ మళ్ళీ తన పేరే చెప్పుకుంటారని ఆవిడ ఆశ.

పాడైన బండిని లాక్కెళ్ళే టో ట్రక్కు వచ్చిన రోజున పట్టుచీర కట్టుకుని మరీ దిగింది. బండిలోంచి గొడుగులు, గోనెసంచులు, చిల్లర సామానూ గబగబా తీసేసింది. వ్యాన్ పక్కన నిలబడి ఫోటో దిగి, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి, ఎవరేమంటారా అని ఫోన్‌లోకే చూస్తూ నిలబడింది. నాలుగు దండాలు వచ్చాయి. ఆ కిందనే ఎవరో, "కావ్యా, శనివారం గుడికి వెళ్తున్నావా?" అని అడిగారు. అంతే, దానానికి దక్కిన పేరు అక్కడితో సరి. ఆవిడ తలెత్తేసరికి ట్రక్కు మలుపు తిరిగిపోయింది.

ఇంట్లోకొచ్చి మంచినీళ్ళు తాగుతుండగా గుర్తొచ్చింది. వినాయకుడు బండిలోనే ఉండిపోయాడు! ఫోటో పిచ్చిలో దేవుణ్ణి కూడా దానం చేసేసింది. చారిటీకి ఫోన్ చేస్తే, బాగుచెయ్యడానికి రేపు పొద్దున్నే బండిని విప్పేస్తాం, ఈ సాయంత్రంలోగా వచ్చి తీసుకెళ్ళండన్నారు. అమర్‌నాథ్ ఆఫీసు పనిమీద కాలిఫోర్నియాలో ఉన్నాడు. ముక్కూమొహం తెలియనివాడి కారెక్కకండని కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు చెప్పీ చెప్పీ, ఊబర్ బుక్ చేసుకునే ధైర్యం తనకే లేకుండా పోయింది. ఇక మిగిలింది ఒక్క గుమ్మమే. ఆ తలుపు తట్టేటప్పుడు మీనాక్షికి ప్రాణం చచ్చిపోయింది.

కావ్యశ్రీ ఇంకోమాట అడగకుండా తాళాలు తీసుకుంది. బండి తీసే ముందు దాని వేలు అలవాటుగా ముందుకెళ్ళి, ఏమీలేని డాష్‌బోర్డుని తాకి కళ్ళకద్దుకుంది. మీనాక్షి చూసీ చూడనట్టు మొహం తిప్పుకుంది. ఇన్నేళ్ళలో ఇంకొక ఆడదాని పక్కసీట్లో కూర్చోవడం ఇదే మొదలు. లేని బ్రేకుని దారిపొడుగునా కాలితో తొక్కుతూనే ఉంది.

వినాయకుడు దొరికాడు. తిరిగి వస్తుంటే బండి స్పీకర్లో ఫోన్ మోగింది. కావ్యశ్రీ ఎత్తీ ఎత్తగానే గిరిజ గొంతు. ఆ గిరిజ నొప్పులు పడుతూ ఆస్పత్రికి వెళ్ళింది మీనాక్షి వ్యాన్‌లోనే.

"కావ్యా, ఆదివారం అమ్మావాళ్ళు దిగుతున్నారు, నువ్వే రావాలి. మీనాక్షి గారికి మాత్రం చెప్పకు. ఆవిడ అసలే కుళ్ళుకుని చస్తున్నారు. నిన్ను పిలిచానని తెలిస్తే తట్టుకోలేరు, పాపం."

కావ్యశ్రీ ఫోన్ కట్ చేసే బటన్ కోసం తడుముకుంటోంది. మీనాక్షి తన కుళ్ళు తన కడుపులోనే ఉందనుకుంది ఇన్నాళ్ళూ. అది అందరికీ తెలుసు. తెలిసీ, జ్వరమొచ్చిన పిల్లని చూసుకున్నట్టు చూసుకుంటున్నారు. తిట్టినా బాగుండును, ఆ "పాపం" దగ్గరే ఆవిడకు గుండె కలుక్కుమంది.

"మీకు చెప్పకుంట పోవుడు నాక్కూడ మంచిగనిపిస్తలేదక్కా," అంది కావ్యశ్రీ నెమ్మదిగా.

మీనాక్షి స్పీకర్ వైపు వంగింది. "గిరిజా, నేనే. మీ అమ్మగారికి వీల్‌చెయిర్ చెప్పావా? చెప్పకపోతే ఇప్పుడే చెప్పు. కావ్య డ్రైవ్ చేస్తుంది. నేను పక్కన కూర్చుంటాను."

అవతలినుంచి "సరేనండీ" అని ఫోన్ పెట్టేసింది గిరిజ.

ఒళ్ళోని వినాయకుడి అడుగున టేపు జిగురు ఇంకా మిగిలే ఉంది. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు మీనాక్షి ఆయన్ని కావ్యశ్రీ వేలు తాకిన చోటే ఉంచి గట్టిగా నొక్కింది. మొహం మాత్రం డ్రైవరు వైపు కాకుండా, తన సీటు వైపు తిప్పి నొక్కింది.