మట్టిలో వంట

దోహాలోని మదీనత్ ఖలీఫాలో నేను వంట చేసే ఇంటివాళ్ళు ఈ వేసవిలో నన్ను కూడా వెంటబెట్టుకుని ఓ దీవికి వెళ్ళారు. నెలంతా అక్కడ పల్లెటూళ్ళో మకాం. అది అగ్నిపర్వతం మీది ఊరు, నేల లోపల ఇంకా వేడి చల్లారలేదు. గిన్నెలో మాంసం, దుంపలు పెట్టి పొద్దున్నే గోతిలో పూడిస్తే మధ్యాహ్నానికి ఉడికిపోతుంది. "మాఫీ షుగుల్, నీకు పనే లేదు, రెస్ట్ తీసుకో" అంది మా మామా. ఇంటి యజమానురాల్ని గల్ఫ్‌లో అలాగే పిలుస్తాం. మాఫీ అంటే అరబ్బీలో 'లేదు' అని.

రెస్టంట! మొన్న రంజాన్‌లో, నన్ను చంకనేసుకుని పెంచిన మా అక్క కోనసీమలో పోయింది. ఇఫ్తార్ వంటలున్నాయని ఈ మామాయే సెలవివ్వలేదు. అక్క మీద పిడికెడు మట్టి వేయలేకపోయాను. చేతులు ఖాళీ లేక ఏడవనూ లేదు.

దీవిలో చేతులు ఖాళీ అయ్యాయి. గిన్నె పూడ్చిన చోట రోజూ ఓ మట్టి దిబ్బ, ఎవరిదో తెలియడానికి దాని మీద పేరు రాసిన చెక్క. అచ్చం మా చర్చి వెనక సమాధిలా. ఓ పొద్దున ఇక ఆగలేకపోయాను. కూలబడి, ఆ వేడి మట్టి పిడికెడు తీసి దిబ్బ మీద వేసి, "అక్కా" అని గుండెలు బాదుకుని ఏడ్చాను.

మధ్యాహ్నం దాన్ని తవ్వి తీశారు. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నాకూ ఓ ప్లేటు పెట్టారు.

దోహా వచ్చాక "బాగా రెస్ట్ దొరికిందిగా, మళ్ళీ వెళ్దామా?" అంది మామా.

"నాకు పనే కావాలి మామా," అన్నాను స్టవ్ వెలిగిస్తూ. "రెస్ట్ మాఫీ."